గ్రంథాలయంలో స్థానిక చరిత్ర ప్రసంగాలు

పౌర గ్రంథాలయం నిర్వహిస్తున్న స్థానిక చరిత్ర ప్రసంగాల్లో నాలుగింటికి హాజరయ్యాను. అన్నింటిలో నన్ను బాగా ఆకట్టుకున్నది పాత పటాల గురించిన ప్రసంగం. వక్త ఒకే ప్రాంతానికి చెందిన రెండు పటాలను బల్లపై పక్కపక్కన పరిచి, మొదటిదానిలో చెరువుగా ఉన్న చోటు రెండోదానిలో ఇళ్ల స్థలాలుగా మారిన తీరును వేలితో గీత వెంబడి చూపిస్తూ, పన్ను వసూలు కోసం గీసిన పటంలో పొలాల హద్దులకు ఉన్న ప్రాధాన్యం కాలిబాటలకు ఉండకపోవచ్చని ఓపికగా వివరించారు. ఏ మాటకు ఏది ఆధారమో చెప్పడం, పెద్దల జ్ఞాపకాలను దస్తావేజులతో సరిపోల్చి చూడటం ఈ కార్యక్రమానికి ప్రాణం. ప్రశ్నలకు 10 నిమిషాలే మిగలడం చిన్న లోటు. ప్రసంగాలను రికార్డు చేయకపోవడం మాత్రం పెద్ద లోపం. ఒక వృద్ధురాలు లేచి, ఆ చెరువు గట్టు మీద తాము నడిచిన దారిని వర్ణించినప్పుడు, ఆ మాటలను రాసుకున్నవారు ఎవరూ లేరు.