ఏళ్లుగా వాడుతున్న ఐయూపీ లైబ్రరీ గురించి

పరికరాలను కంప్యూటర్‌కి కలిపే సీరియల్ పోర్ట్ నుంచి రీడింగులు తీసుకుని టేబుల్‌లో చూపించే చిన్న చిన్న టూల్స్ సీ భాషలో రాయడం నా పని. ఇంత పనికి, విండోలు, బటన్లు చూపించడానికి క్యూటీ లాంటి పెద్ద లైబ్రరీని నెత్తికెత్తుకోవడం నాకు ఇష్టం లేదు. అందుకే కొన్నేళ్లుగా అన్నిటికీ అదే పని చేసే ఐయూపీనే వాడుతున్నాను. బ్రెజిల్‌లోని పీయూసీ-రియో యూనివర్సిటీలో టెక్‌గ్రాఫ్ అనే ల్యాబ్ వాళ్లు తయారుచేసిన లైబ్రరీ ఇది. లువా అనే ప్రోగ్రామింగ్ భాష పుట్టిందీ అక్కడే. ఎంఐటీ లైసెన్స్ కాబట్టి అమ్ముకునే సాఫ్ట్‌వేర్‌లోనూ నిశ్చింతగా పెట్టుకోవచ్చు.

మామూలు బటన్లు, టెక్స్ట్ బాక్సులు ఇది సొంతంగా గీయదు. విండోస్‌లో విండోస్‌వి, లినక్స్‌లో జీటీకే అనే టూల్‌కిట్‌వి తెచ్చి పెడుతుంది. మన తెలుగుకి ఇది పెద్ద మేలు. ఒకే హెడర్ ఫైల్‌తో వచ్చే న్యూక్లియర్ లైబ్రరీ కూడా తేలికే, కానీ అది అక్షరాలను ఒక్కొక్కటిగా గీస్తుంది కాబట్టి 'కర్నూలు' అని రాస్తే వత్తు విడిపోతుంది. ఐయూపీ లేబుల్‌లో ఆ పని సిస్టమే చూసుకుంటుంది. విండోస్‌లో మాత్రం మొదట్లోనే 'యూటీఎఫ్8మోడ్' అనే గ్లోబల్ సెట్టింగ్‌ని 'యెస్' చేయాలి, లేకపోతే తెలుగంతా గజిబిజి.

నాకు బాగా నచ్చింది ఆట్రిబ్యూట్ల, అంటే లక్షణాల పద్ధతి. టైటిల్, సైజు, రంగు, ఫాంట్ ఏదైనా సరే, పేరూ విలువా స్ట్రింగులుగా సెట్‌ఆట్రిబ్యూట్ అనే ఒకే ఫంక్షన్‌కి ఇచ్చేయడమే. మ్యాట్రిక్స్‌లో, అంటే ఐయూపీ టేబుల్‌లో రెండో వరుస, మూడో కాలమ్ గడి కావాలంటే ఆట్రిబ్యూట్ పేరు '2:3'. '0:3' అంటే ఆ కాలమ్ శీర్షిక. ఒకసారి అలవాటైతే మాన్యువల్ తెరవాల్సిన పని పెద్దగా ఉండదు.

జాగ్రత్త పడాల్సిందీ ఇక్కడే. విండోతో పాటు బాక్స్ సాగేలా చేసే 'ఎక్స్‌పాండ్' స్పెల్లింగ్‌లో ఒక్క అక్షరం తప్పినా కంపైలర్ నోరెత్తదు, నడిపినా ఎర్రర్ రాదు. తెలియని పేరుని కూడా బుద్ధిగా దాచుకుంటుంది, విండో పెద్దది చేస్తే బాక్స్ మాత్రం కదలదు. ఇంకోటి, సెట్‌ఆట్రిబ్యూట్ మనమిచ్చిన స్ట్రింగ్‌ని కాపీ చేసుకుంటుందని నమ్ముకోకూడదు, అది మెమరీలో ఎక్కడుందో చెప్పే పాయింటర్‌నే ఉంచుకోవచ్చు. ఫంక్షన్ లోపలి లోకల్ బఫర్‌లో స్ప్రింట్‌ఎఫ్‌తో రాసిన రీడింగ్‌ని ఇస్తే ఫంక్షన్ దాటాక అందులో చెత్త ఉంటుంది. అలాంటి చోట సెట్‌స్ట్ర్‌ఆట్రిబ్యూట్ వాడాలి, అది కాపీ చేసుకుంటుంది. కొత్తగా మొదలుపెట్టే ఎవరికైనా ముందు నేను చెప్పేది ఇదే.

పక్కనే సమాంతరంగా నడిచే వేరే థ్రెడ్ నుంచి బటన్లు, టేబుల్ లాంటి కంట్రోల్స్‌ని అసలు తాకకూడదు. నేను రీడింగుల్ని ఒక థ్రెడ్‌తో క్యూలో వేసి, 100 మిల్లీసెకన్ల ఐయూపీ టైమర్‌తో మెయిన్ థ్రెడ్‌లో తీసి టేబుల్‌లో నింపుతాను. ఏ టెన్షనూ లేకుండా రోజంతా నడుస్తుంది.

మ్యాక్ కావాలన్నవాళ్లకి దీన్ని చెప్పను. ఐయూపీని సిస్టమ్‌తో కలిపే డ్రైవర్లలో గట్టిగా నిలబడినవి విండోస్, జీటీకే, మోటిఫ్ (యూనిక్స్‌లోని పాత టూల్‌కిట్)లవే.