బండి ఇన్సూరెన్స్: పాత కంపెనీయా, కొత్తదా?

రెన్యువల్ మెసేజ్ రాగానే కళ్ళు మూసుకుని కట్టేయడం ఈజీనే, వివరాలన్నీ వాళ్ళ దగ్గరే ఉంటాయి, రెండు నిమిషాల్లో పని అయిపోతుంది. కాకపోతే కొత్త కస్టమర్‌కి ఇచ్చే డిస్కౌంట్ పాతవాళ్ళకి చాలాసార్లు రాదు, ఏటా కొంచెం కొంచెం పెంచుతూ పోతారు, మనం చూసుకోం.

కొత్త కంపెనీకి మారితే ప్రీమియం తగ్గొచ్చు, కానీ ఎందుకు తగ్గిందో చూడాలి. నేను ఒకసారి చవగ్గా వచ్చిందని సంబరపడి తీరా చదివితే బండి విలువ తక్కువ వేశారు, పైగా క్లెయిమ్‌లో మన జేబులోంచి పెట్టుకోవాల్సిన డిడక్టిబుల్ డబుల్ ఉంది, ఇంక అది చవక ఎలా అవుతుంది చెప్పండి! అందుకే రెండు కంపెనీల కోట్‌లనీ, అంటే వాళ్ళు చెప్పే రేట్లనీ, ఒకే విలువ, ఒకే డిడక్టిబుల్, ఒకే యాడ్ఆన్‌లు (విడిగా కట్టి తీసుకునే అదనపు కవర్లు) పెట్టి చూస్తేనే అసలు తేడా తెలుస్తుంది.

నో క్లెయిమ్ బోనస్, అంటే క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు, పోతుందేమో అని చాలామంది మారరు గానీ మామూలుగా అది బండి ఓనర్‌తో పాటే వస్తుంది, పాత కంపెనీ నుంచి ప్రూఫ్ తీసుకుంటే చాలు. క్లెయిమ్ చేసి ఉంటే దాచొద్దు, సైలెన్సర్ మార్చినా చెప్పేయండి, లేకపోతే రేపు క్లెయిమ్ దగ్గర పట్టుకుంటారు. ఆటో రెన్యువల్ ఆపకపోతే రెండు చోట్లా డబ్బు కట్ అవుతుంది, అలాగని మధ్యలో ఒక్క రోజు కూడా గ్యాప్ రాకూడదు.

నేనైతే తక్కువ కోట్ చేతిలో పెట్టుకుని ముందు పాతవాళ్ళకే ఫోన్ చేస్తా, తగ్గిస్తే అక్కడే ఉంటా, లేదంటే మారిపోతా.