మెట్టలో మొక్కజొన్నా, చెనిక్కాయా?

అనంతపురం ఎర్రనేలలో లోతు తక్కువ. వాన పదును (నేలలో తడి) ఎక్కువ రోజులు నిలవదు. అక్కడ మొక్కజొన్నకు గండమంతా 50-60 రోజుల మధ్యే: జల్లు (మగ పూత), పీచు (కంకి దారాలు) వచ్చే ఆ వేళ వాన తప్పితే కంకిలో గింజ కట్టదు, యూరియా ఖర్చూ నేలపాలే. తర్వాత వాన పడినా ఆ నష్టం పూడదు.

చెనిక్కాయ (వేరుశనగ) విడతలుగా పూస్తుంది గనుక మధ్యలో బెట్ట వచ్చినా కొంత కోలుకుంటుంది. దాని ఖర్చు భారం విత్తనంలో ఉంది. మొక్కజొన్నకు ఎకరాకు 8 కిలోలు చాలు, దీనికి 60 కిలోల పైనే పప్పు కావాలి. అప్పు మొదలయ్యేది అక్కడే. ఊడలు (పూత నుంచి నేలలోకి దిగి కాయ కట్టే కాడలు) దిగేటప్పుడు నేల గట్టిపడినా కాయ తగ్గుతుంది.

ఎర్రనేల అయితే చెనిక్కాయే మేలు. ఏడు సాళ్లకో సాలు కంది తప్పక వేయాలి, కాయ పోయినా కంది మిగులుతుంది. చెనిక్కాయ కట్టె పశువుల మేతకు వస్తుంది.

కర్నూలు నల్లరేగడిలో, లేదా ఒక తడి ఇవ్వగల బోరు ఉంటే, మొక్కజొన్న ఆలోచించవచ్చు. మొలిచిన వారం నుంచే సుడిలో (మొక్క నడిమి లేతాకుల్లో) కత్తెర పురుగు కోసం చూడాలి. గింజలో తేమ 14 శాతానికి దిగకముందే అమ్మితే ధర కోస్తారు.