తిరిగి వచ్చిన పార్సిల్ ఎక్కడ పెడతారు? మూడేళ్లుగా వాడుతున్న గోదాము సంస్థపై నా సమీక్ష

శ్రీకాకుళం జిల్లా పలాస పక్కనున్న కాశీబుగ్గలో మాది జీడిపప్పు వ్యాపారం. ఉద్దానంలో మా మామగారు పెంచిన జీడితోట 2018 అక్టోబరు 11న తిత్లీ తుపానుకు నేలకొరిగింది. కొత్త మొక్కలు కాపుకు వచ్చేదాకా చేతులు ముడుచుకుని కూర్చోలేక పిక్కలు కొని, ఒలిపించి, పప్పు అమ్మడం మొదలుపెట్టాం. 2020లో ఆన్‌లైన్ అమ్మకాలకు దిగాం. మొదట అంతా ఇంట్లోనే జరిగేది. అత్తగారు తూచేవారు, నేను చీటీలు అంటించేదాన్ని, మా ఆయన సాయంత్రం స్కూటర్ మీద మూట వేసుకుని తపాలా కార్యాలయానికీ కొరియర్ దుకాణానికీ తిరిగేవారు. రోజుకు పదిహేను ఆర్డర్ల దాకా ఈ ఏర్పాటు సరిపోయింది. దసరా నెలలో అవి అరవై దాటేసరికి అత్తగారి నడుము పట్టేసింది. సరుకు నిల్వ ఉంచి, ఆర్డరు రాగానే పెట్టెలో పెట్టి, కొరియర్‌కు అప్పగించే సంస్థ కోసం అప్పుడు వెతికాం.

మొదట హైదరాబాద్ శివార్లలోని ఒక సంస్థతో ఒప్పందం చేసుకున్నాం. అలా ఎంచుకోవడానికి ఒకే కారణం, ఆర్డరుకు 28 రూపాయలు అన్నారు. మిగతావాళ్లు 40 దగ్గర ఉన్నారు. ఆ పన్నెండు రూపాయల తేడా చూసుకుని సంతోషించాం. మన జిల్లాల నుంచి ఇప్పుడిప్పుడే ఈ వ్యాపారంలోకి వస్తున్నవాళ్లు కూడా అదే చూస్తారని తెలుసు కాబట్టి, ఆ ఏడాది మాకు ఏమైందో కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు పన్ను సంగతి. గోదాము తెలంగాణలో ఉంటే అక్కడ మనకు విడిగా జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉండాలి. మన సరుకును మన గోదాముకే పంపుకుంటున్నా అది వేరే రాష్ట్రానికి చేసిన సరఫరా కిందే లెక్క. దానికి పన్ను కట్టాలి, విలువ 50 వేలు దాటితే ఈ-వే బిల్లు (సరుకు రవాణా పత్రం) తీయాలి. కట్టిన పన్ను తరువాత సర్దుబాటు అవుతుంది, కానీ ఆ డబ్బు కొంతకాలం చేతిలో ఉండదు. రెండు రాష్ట్రాల రిటర్నులు దాఖలు చేసినందుకు ఆడిటర్ రుసుమూ పెరిగింది. పన్నెండు రూపాయల తేడాలో సగం అక్కడే హరించుకుపోయింది.

అసలు దెబ్బ వానాకాలంలో తగిలింది. జీడిపప్పులో నూనె ఎక్కువ, పైగా గాలిలోని తేమను తొందరగా పీల్చుకుంటుంది. పొట్లానికి ఎక్కడైనా సన్నని చిల్లు పడితే నెలలోపే మెత్తబడి, ఆపైన చిరువాసన వస్తుంది. ఆగస్టులో రాజమహేంద్రవరం నుంచి ఒకావిడ శ్రావణ శుక్రవారం ప్రసాదానికని కిలో గుండు, అంటే బద్దలు కాని పప్పు, తెప్పించుకున్నారు. పప్పు మెత్తగా ఉందని ఫోటో పంపారు. ఆ ఫోటోలో చీటీ మీద తేదీ చూసి నా గుండె జారిపోయింది. అది మేము ఏప్రిల్‌లో పంపిన విడత. జూలైలో పంపిన తాజా సరుకు గోదాములో ఉండగా పాతది ఆవిడకు ఎలా వెళ్లింది?

వారం రోజులు వెంటపడితే తెలిసింది. మే నెలలో ఎవరో తీసుకోని పార్సిల్ అది. డబ్బు చేతికిచ్చి తీసుకునే ఆర్డరు, మనిషి ఇంట్లో లేరు. కొరియర్ బండ్లలో ఎండకు ఎండుతూ, వానకు నానుతూ తిరిగి తిరిగి గోదాముకు చేరింది. అక్కడ పైపెట్టె మార్చి, లోపలి పొట్లాన్ని కొత్త సరుకు పక్కనే పెట్టేశారు. లెక్కల్లో మాత్రం నిల్వ ఒకటి పెరిగింది. అడిగితే మా పద్ధతి ఇంతేనన్నారు. బట్టలకో చెప్పులకో ఆ పద్ధతి చెల్లుతుంది. తినే వస్తువుకు చెల్లదు. ఆవిడకు డబ్బు వెనక్కి ఇచ్చాం, తాజా పప్పు పంపాం, ఫోన్ చేసి క్షమాపణ చెప్పాం. ప్రసాదానికి తెప్పించుకున్న పప్పు అలా వెళ్లిందన్న బాధ నాకు ఇప్పటికీ పోలేదు.

అందుకే రెండోసారి వెతికినప్పుడు ధర ఆఖరున అడిగాను. మొదటి ప్రశ్న ఒక్కటే: "తిరిగి వచ్చిన పార్సిల్ ఎక్కడ పెడతారు, చూపించండి." నలుగురిని అడిగితే ముగ్గురు కంప్యూటర్ తెర చూపించారు. విశాఖపట్నం శివార్లలోని ఒక చిన్న సంస్థలో పర్యవేక్షకుడు మాత్రం లేచి గోదాములోకి తీసుకువెళ్లి, వల కట్టిన ఒక మూల చూపించాడు. "మేడమ్, ఇవి తిరిగి వచ్చినవి. సరుకు యజమాని చెప్పేదాకా వీటిని ఎవరూ ముట్టుకోరు" అన్నాడు. ప్రతి పెట్టె మీదా వచ్చిన తేదీ, కారణం రాసి ఉన్నాయి. 2022లో అక్కడికి మారాం.

అక్కడ ఆర్డరుకు 41 రూపాయలు. నిల్వకు, సరుకు దింపినందుకు, తిరిగి వచ్చినదాన్ని విప్పి ఫోటో తీసినందుకు విడివిడిగా తీసుకుంటారు. అయినా ఏడాది చివర అన్నీ కూడి చూస్తే హైదరాబాద్ ఖర్చు కంటే తక్కువే తేలింది. గోదాము మన రాష్ట్రంలోనే ఉండటంతో పాత జీఎస్టీ రిజిస్ట్రేషన్‌లోనే దాన్ని అదనపు వ్యాపార స్థలంగా చేర్చుకున్నాం. జాతీయ రహదారి 16 మీద తెల్లవారుజామున బయలుదేరితే ఉదయానికే వ్యాను అక్కడ ఉంటుంది. సరుకు దింపి, వచ్చేటప్పుడు తిరిగి వచ్చిన పెట్టెలను వేసుకుని వస్తుంది. వాటిని మేమే విప్పి చూస్తాం. బాగున్నవి ఇంటి వాడకానికి, తక్కినవి పారేయడానికి. ఒక్క పొట్లం కూడా మళ్లీ అమ్మకానికి వెళ్లదు.

తేదీల విషయంలోనూ నాకు సంతృప్తిగా ఉంది. ముందు వచ్చిన సరుకును ముందు పంపడం మామూలు పద్ధతి. వీళ్లు ఏ పొట్లానికి గడువు ముందు ముగుస్తుందో దాన్ని ముందు పంపుతారు. వేసవిలో మేము తెచ్చే భీమాలి మామిడి తాండ్రకు ఇది మరీ అవసరం, ఎందుకంటే వేర్వేరు ఇళ్లలో ఆరబెట్టిన తాండ్ర ఒకే రోజున గోదాముకు చేరినా గడువులు వేర్వేరుగా ఉంటాయి. ఆన్‌లైన్‌లో అమ్మే ఆహారం కొన్నవారికి చేరేనాటికి గడువులో కనీసం 30 శాతమో, 45 రోజులో మిగిలి ఉండాలని కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2024 చివర్లో ఆదేశించింది. అప్పుడు మేము కొత్తగా మార్చుకోవలసింది ఏమీ లేకపోయింది. ఆహారం అమ్మేవాళ్లు ఇంకొకటి చూసుకోండి. మన లైసెన్సు ఉంటే చాలదు, గోదాముకు కూడా దాని చిరునామా మీద ఆహార నిల్వ లైసెన్సు ఉండాలి. ఆ 14 అంకెల సంఖ్య అడిగి తీసుకోండి.

బరువు లెక్క మాకు ఆలస్యంగా తెలిసింది. కొరియర్లు త్రాసు మీది బరువును ఒక్కదాన్నే చూడవు. పెట్టె పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 5000తో భాగిస్తే వచ్చే అంకెనూ చూసి, రెండింటిలో ఏది ఎక్కువైతే దానికి డబ్బు వేస్తాయి. హైదరాబాద్‌లో మా అరకిలో పప్పును 30, 20, 15 సెంటీమీటర్ల పెట్టెలో పంపేవారు. అంటే 1.8 కిలోలు, ఛార్జీ రెండు కిలోలకు. విశాఖలో పర్యవేక్షకుడు తానుగా 22, 16, 10 పెట్టె సూచించాడు. అది 0.7 కిలో, ఛార్జీ ఒక కిలోకే. మన ఖర్చు తగ్గించే ఆలోచన వాళ్లంతట వాళ్లు చేశారంటే నాకు నమ్మకం కలిగింది.

ఇక లోపాలు. మొదటి ఆరు నెలల్లో 240 రకానికి బదులు 320 రకం చాలాసార్లు వెళ్లింది. పౌనుకు 220 నుంచి 240 గుండ్లు తూగేది ఒకటి, 300 నుంచి 320 తూగేది మరొకటి. పలాసలో చిన్న పిల్లలు కూడా చూసి చెప్పేస్తారు, కానీ గోదాములో పనిచేసే అబ్బాయిలకు రెండూ ఒకలాగే కనిపిస్తాయి. వాళ్లను తప్పుపట్టను. పొట్లాలకు ఎరుపు, పచ్చ పట్టీలు వేశాక పొరపాట్లు దాదాపు ఆగిపోయాయి. నెలకు కనీస బిల్లు ఒకటి ఉంది. అమ్మకాలు పలచబడే నెలల్లో పని లేకపోయినా కట్టాలి. నిల్వ లెక్క కొన్ని గంటలకు ఒకసారి మాత్రమే మారుతుంది. రాయితీ పెట్టిన రోజుల్లో లేని సరుకుకు కూడా ఆర్డర్లు తీసుకుని తల దించుకున్నాం. దీన్ని సరిచేయమని రెండేళ్లుగా అడుగుతున్నాను, ఇంకా సరిచేయలేదు.

సంక్రాంతి గురించి చెప్పాలి. అరిసెలకూ పాయసాలకూ మాకు అమ్మకాలు ఉధృతంగా ఉండేది అప్పుడే, గోదాములో మనుషులు ఊళ్లకు వెళ్లిపోయేదీ అప్పుడే. వీళ్లు డిసెంబరు మూడో వారంలోనే ఫలానా తేదీ తరువాత ఆర్డర్లు కదలవని రాసి పంపుతారు. విజయనగరం కుర్రాళ్లు ఎక్కువమంది ఉండటంతో పైడితల్లమ్మ సిరిమానోత్సవం రోజున కూడా అంతే. ముందే తెలియడం వల్ల మా పేజీ మీద ఆ మాట రాసుకుంటాం, కొనేవాళ్లూ అర్థం చేసుకుంటారు. పండుగ రోజుల్లోనూ పంపుతామని గట్టిగా చెప్పి, ఆపైన ఫోన్ ఎత్తని చోట మేము ఏడాది గడిపాం కాబట్టి ఈ నిజాయితీకి విలువ ఇస్తాను.

ఎవరితోనైనా ఒప్పందం రాసుకునే ముందు పది పార్సిళ్లు బంధువులకు పంపించి చూడండి. ఖరగ్‌పూర్‌లో మా మేనమామ, బెంగళూరులో చెల్లి, భువనేశ్వర్‌లో స్నేహితురాలు మాకు ఆ సాయం చేశారు. వాటిలో రెండింటిని కావాలనే తీసుకోవద్దని చెప్పాను. ఆ రెండూ ఎన్ని రోజులకు వెనక్కి వచ్చాయో, ఏ స్థితిలో వచ్చాయో, లెక్కలో ఎలా రాశారో చూశాకే సంతకం పెట్టాం. రోజుకు ఇరవై ఆర్డర్లు దాటనివాళ్లకు మాత్రం నా సలహా, ఇంకా కొంతకాలం ఇంట్లోనే కట్టుకోండి. కనీస బిల్లు మిమ్మల్ని తినేస్తుంది.

మా ఒప్పందం వచ్చే నెలలో మళ్లీ రాసుకోవాలి. ధర మూడు రూపాయలు పెంచుతామన్నారు, ఒప్పుకున్నాను. బదులుగా నిల్వ లెక్క గంటకోసారి మార్చాలనీ, తాండ్రకు ఎండ తగలని వైపు వేరే అర ఇవ్వాలనీ అడిగాను. రెండోదానికి సరేనన్నారు. మొదటిదానికి జవాబు ఇంకా రావాలి.