మోకాళ్లు నొస్తుంటే బరువు తగ్గడానికి ఏది మేలు: నడకా, సైకిలా, నీళ్లా?

ఎముకల డాక్టర్ ఎక్స్‌రే చూసి "గుజ్జు అరిగిందమ్మా, బరువు తగ్గండి" అన్నారు. అప్పటికి నేను 84 కిలోలు. తగ్గాలంటే నడవాలి, నడిస్తే మోకాలు నొస్తుంది, నొస్తే కూర్చుంటాం, కూర్చుంటే ఇంకో రెండు కిలోలు. ఈ చక్రం తెలియని ఇల్లు మన వైపు అరుదు. నడక, సైకిల్, నీళ్లలో వ్యాయామం, మూడూ చూశాక తేలింది ఏమిటంటే, ఏది ఎక్కువ కేలరీలు కరిగిస్తుంది అన్నది అసలు ప్రశ్నే కాదు. ఈ రోజు చేసింది రేపు కూడా చేయగలమా? అదీ చూసుకోవాల్సింది.

ముందు మోకాలి లెక్క. బెర్లిన్‌లోని చారిటే ఆసుపత్రి పరిశోధకులు కొందరికి అమర్చిన కృత్రిమ మోకాలి కీలు లోపలే కొలిచే పరికరం పెట్టి, దాని మీద ఎంత భారం పడుతోందో చూశారు. చదునైన నేల మీద నడిస్తే ఒంటి బరువుకు సుమారు రెండున్నర రెట్లు. మెట్లెక్కితే మూడు రెట్లకు పైనే, దిగితే ఇంకాస్త ఎక్కువ. కదలకుండా ఒకచోట ఉండే ఎక్సర్‌సైజ్ సైకిల్‌ను తేలిగ్గా తొక్కితే మాత్రం 1.2 రెట్లే. నా బరువుకు ఆ లెక్క వేస్తే నడకలో అడుగుకు 210 కిలోలు, అంటే పాతిక కిలోల బియ్యం బస్తాలు ఎనిమిది! సైకిల్ మీద నాలుగు. అలిపిరి దారిలో 3,550 మెట్లూ ఎక్కి వచ్చినవాళ్లు, ఆయాసం తీరాక కూడా, దిగేటప్పుడు బస్సెందుకు ఎక్కుతారో దీన్నిబట్టే అర్థమవుతుంది.

అలాగని నడకను తీసిపారేయలేం. ఖర్చు లేదు, ఎవరూ నేర్పక్కర్లేదు, పక్కింటావిడ తోడుంటే పొద్దు తెలియదు. అరుగుదల మొదట్లో ఉన్నవాళ్లకు నడిచేకొద్దీ నొప్పి తగ్గడం కూడా మామూలే. అయితే హవాయి చెప్పులతో సిమెంటు రోడ్డు మీద గంటసేపు ఏకబిగిన నడవడం వేరు, బూట్లు వేసుకుని పార్కులో మట్టి బాట మీద పూటకు పది నిమిషాల చొప్పున మూడు పూటలు నడవడం వేరు. నేను మొదట చేసింది మొదటిది. వారం తిరక్కుండా మోకాలు బూరెలా వాచింది.

సైకిల్‌తో నాకు కుదిరింది. వానా ఎండా బెడద లేదు, ఆపాలనుకుంటే ఇంట్లోనే ఉంటాం. కానీ సీటు ఎత్తు దగ్గరే చాలామంది పొరపాటు పడతారు. పెడల్ పూర్తిగా కిందికి వెళ్లినప్పుడు మోకాలు కొంచెమే వంగి ఉండాలి. సీటు కిందికి ఉంటే భారమంతా మోకాలి చిప్ప మీదకొస్తుంది, "సైకిల్ తొక్కితే నొప్పి పెరిగింది" అనే మాట చాలాసార్లు అక్కడ పుట్టిందే. బిగింపు తక్కువ పెట్టుకుని కాస్త వేగంగా తొక్కడం మంచిది, బిగించి మెల్లగా తొక్కితే కీలుకే బరువు. బట్టలారేసుకునే స్టాండ్‌గా మారకుండా టీవీ ఎదురుగా పెట్టండి. మా ఇంట్లో అది ఒకసారి మారింది, అందుకే చెబుతున్నా.

మోకాలికి అన్నిటికన్నా తేలిక నీళ్లు. నడుము లోతులో నిలబడితే ఒంటి బరువులో సగమే కాళ్ల మీద పడుతుంది, ఛాతీ లోతులో పావు నుంచి మూడో వంతు. ఈత రాకపోయినా పర్వాలేదు, ఆ లోతులో అటూఇటూ నడిచినా మంచి వ్యాయామమే. ఈత వచ్చినవాళ్లు కప్పలా కాళ్లు తన్నే ఈత మాత్రం తగ్గించుకోవాలి, ఆ తన్నుడు మోకాలిని పక్కకు తిప్పుతుంది. వచ్చిన చిక్కల్లా, మన ఊళ్లలో కొలను దొరకాలి, ఆడవాళ్లకు వేరే సమయం ఉండాలి, తడి గచ్చు మీద జారకుండా ఇంటికి చేరాలి. నగరంలో ఉండి, ఫీజు కట్టగలిగి, 100 కిలోలు దాటినవాళ్లయితే నేను మొదట దీన్నే చెబుతాను.

ఈ మూడింటిలో ఏది ఎంచుకున్నా తొడ కండరం బలం లేకపోతే నిలవదు. కుర్చీలో కూర్చుని కాలు చాచి, తొడ బిగించి ఐదు సెకన్లు ఉంచి దించడం, ఒక్కో కాలికి పదిసార్లు. దీనివల్ల బరువు పెద్దగా తగ్గదు, మోకాలికి ఆసరా దొరుకుతుంది. గుంజీళ్లు, వజ్రాసనం, బాసింపట్టు వేసుకుని గంటలు కూర్చోవడం, ఇవన్నీ నొప్పి ఉన్నన్నాళ్లూ పక్కన పెట్టాల్సిందే.

ఇక చేదు మాట. అమెరికాలో నార్త్ కరోలినాలోని వేక్ ఫారెస్ట్ యూనివర్సిటీ వాళ్లు మోకాలి అరుగుదల ఉన్న 454 మందిని 18 నెలలు చూసి 2013లో ఫలితాలు ప్రచురించారు. వ్యాయామం మాత్రమే చేసినవాళ్లు సగటున రెండు కిలోలు కూడా తగ్గలేదు. తిండి కూడా తగ్గించినవాళ్లు పది కిలోలకు పైగా తగ్గారు, నొప్పి కూడా వాళ్లకే ఎక్కువ తగ్గింది. నేను అరగంట నడిస్తే ఖర్చయ్యేది సుమారు 140 కేలరీలు. ఆవకాయ అన్నంలో వేసుకునే పెద్ద చెంచాడు నెయ్యి దాదాపు దాన్ని మింగేస్తుంది. కిలో తగ్గితే అడుగడుక్కీ మోకాలి మీద నాలుగు కిలోల భారం తగ్గుతుందని అదే యూనివర్సిటీ వాళ్ల ఇంకో లెక్క ఉంది, నెయ్యి డబ్బా మూత పెట్టేటప్పుడు నేను తలుచుకునేది అదే.

కాబట్టి నా ఓటు మొదటి రెండు నెలలు సైకిల్‌కి, తొడ వ్యాయామానికి. నొప్పి సర్దుకున్నాక నడకను కొద్దికొద్దిగా కలుపుకోవచ్చు. ఎంత చేయాలో తెలియకపోతే ఫిజియోథెరపిస్టులు చెప్పే కొలత ఒకటుంది: వ్యాయామం ఆపిన రెండు గంటల తర్వాత కూడా నొప్పి మామూలు కన్నా ఎక్కువుంటే, మర్నాడు తగ్గించి చేయాలి. మోకాలు ఎర్రబడి వేడిగా వాచినా, జ్వరం వచ్చినా, కీలు మధ్యలో పట్టేసి కదలకపోయినా మాత్రం ఏ వ్యాయామమూ వద్దు, ముందు డాక్టర్ దగ్గరికి వెళ్లండి.