రెండేళ్ల రెండు నెలలు కీమో పోర్ట్‌తో: ఇన్ఫెక్షన్‌ని ముందే పసిగట్టొచ్చా?

కీమో మొదలవబోయే వాళ్లెవరైనా ఫోన్ చేస్తే మొదట అడిగేది ఒకటే: "మేడమ్, మీది ఏ కంపెనీ పోర్ట్?" నాకు ఇప్పటికీ ఆ పేరు నోటికి రాదు, కార్డు తీసి చూసి చెప్తాను. తర్వాత నేనడుగుతాను: "మీకు షుగర్ ఉందా? ఈమధ్య ఎంతుంది?" అవతలి నుంచి కాసేపు మాట రాదు. పోర్ట్ గురించి అడిగితే ఈవిడ షుగర్ అంటుందేమిటా అని.

మాది ఆమదాలవలస. హైస్కూల్లో లెక్కలు చెప్తాను. రొమ్ము క్యాన్సర్‌కి 2022 ఆగస్టులో విశాఖలో పోర్ట్ వేశారు, 2024 అక్టోబరులో తీసేశారు. ఈ మధ్యలో 34 సార్లు సూది దిగింది. నోట్‌బుక్‌లో తేదీలతో సహా ఉంది.

పోర్ట్ అంటే తెలియని వాళ్లకి రెండు ముక్కలు. కాలర్ బోన్ కింద చర్మం లోపల పెట్టే చిన్న డబ్బా, పైన సిలికాన్ మూత. దాన్నుంచి ఒక సన్నటి గొట్టం గుండె పైనున్న పెద్ద సిరలోకి వెళ్తుంది. హ్యూబర్ సూది అని ప్రత్యేకంగా ఉంటుంది, అది మూతని కోయకుండా గుచ్చుకుంటుంది. మామూలు సూది వాడితే మూత పాడవుతుంది. నాకు మొదటి కీమో చేతి నరానికే ఎక్కించారు. నాలుగు రోజులకి ఆ నరం నల్లబడి తాడులా గట్టిపడింది. ఎర్ర మందు (డాక్సోరుబిసిన్ అనే కీమో మందు) నరం బయటికి కారితే కండ కూడా చచ్చిపోతుందట. రెండో సైకిల్ (విడత) నుంచి పోర్ట్‌లోనే. సౌకర్యం విషయంలో నూటికి నూరు వేస్తాను. చేతులు రెండూ ఖాళీ, సెలైన్ ఎక్కుతుంటే పేపర్లు దిద్దుకున్నాను. కారులో సీటు బెల్టు ఒరుసుకోవడం, పక్కకి తిరిగి పడుకుంటే నొక్కుకోవడం ఉన్నాయి గానీ అవి చిన్నవి.

పెద్ద భయం ఇన్ఫెక్షనే. సూక్ష్మజీవి గొట్టంలో చేరితే నేరుగా రక్తంలోకే. ముందే ఎవరికి వస్తుందో చెప్పే లెక్క ఏమైనా ఉందా అని డాక్టరు గారిని అడిగాను, నా వృత్తి అలాంటిది మరి. ఆయన చెప్పిన మాస్క్ స్కోర్ (మూతికి పెట్టుకునే మాస్క్ కాదు) తెల్లకణాలు పడిపోయి జ్వరం వచ్చాక, ఆ రోగి ఎంత ప్రమాదంలో ఉన్నాడో చెప్పేది. మొత్తం 26 మార్కులు, 21 గానీ ఆ పైన గానీ వస్తే ప్రమాదం తక్కువ అని అర్థం. అంటే జ్వరం వచ్చాక వేసే మార్కులు. నాకు కావాల్సింది రాకముందువి. ఆయన నవ్వి, "మార్కులు కాదండీ, నాలుగైదు విషయాలు గమనిస్తూ ఉండండి" అన్నారు.

అందులో మొదటిది తెల్లకణాల కౌంట్. రిపోర్టులో టోటల్ కౌంట్ చూసి ఊరుకుంటాం, అది చాలదు. సూక్ష్మజీవులతో పోరాడే న్యూట్రోఫిల్ కణాల శాతంతో దాన్ని గుణించాలి. రెండో సైకిల్ పదకొండో రోజు నా టోటల్ 1,800. ఫర్వాలేదేమో అనిపించింది. న్యూట్రోఫిల్స్ 22 శాతం. గుణిస్తే 396. ఐదొందల కంటే తక్కువంటే ఒంట్లో కాపలా లేనట్టే. ఆ సాయంత్రమే 100.6 జ్వరం. 100.4 దాటితే పారాసిటమాల్ మింగి చూద్దాం అనుకోవద్దు, అది జ్వరాన్ని కప్పేస్తుంది, నేరుగా ఆసుపత్రికి రండి అని ముందే చెప్పారు కాబట్టి అర్ధరాత్రి కారులో విశాఖ వెళ్లాం. మేమంతా పోర్టునే అనుమానించాం. రక్తంలో సూక్ష్మజీవులు పెరుగుతాయేమో చూసే కల్చర్ పరీక్షలో ఏమీ రాలేదు. కౌంట్ లేచేసరికి జ్వరం పోయింది. వచ్చిన ప్రతి జ్వరం పోర్టు వల్లే కాదని అప్పుడు తెలిసింది.

తర్వాత నుంచి గోడ క్యాలెండర్ మీద ప్రతి సైకిల్‌కీ ఏడో రోజు నుంచి పద్నాలుగో రోజు దాకా ఎర్ర గీత గీసేదాన్ని. ఆ రోజుల్లో పెళ్లిళ్లు లేవు, సంతకి వెళ్లడం లేదు, తలుపు దగ్గరే పలకరింపులు. మా అత్తగారు అదే క్యాలెండర్‌లో వర్జ్యం చూస్తారు. "ఏటే ఈ గీతలు, నా వర్జ్యం కనబడ్డం లేదు" అని ఆవిడ గోల. ఆవిడ వర్జ్యం గంటన్నరలో అయిపోతుంది, నాది వారం.

రెండోది షుగర్. టాక్సాల్ అనే కీమో మందుకి ముందు స్టెరాయిడ్ ఇస్తారు, ఆ రాత్రి నాకు 310 చూపించింది. షుగర్ ఎక్కువుంటే ఇన్ఫెక్షన్ తేలిగ్గా పడుతుంది. నేను పోర్టు చుట్టూ ఎరుపుందా అని రోజూ అద్దంలో చూసుకుంటూ గ్లూకోమీటర్ మర్చిపోయేదాన్ని. పోర్ట్ వేసిన కొత్తలో గాయం మానేదాకా కొంచెం ఎక్కువ జాగ్రత్త. సూదులు ఎన్నిసార్లు దిగితే అన్ని అవకాశాలు. బ్లడ్ క్యాన్సర్ వాళ్లకీ, పోర్టులోంచే ఆహారం ఎక్కించే వాళ్లకీ ముప్పు మరీ ఎక్కువ.

ఇక గుచ్చే చెయ్యి. నా కథంతా ఇక్కడే ఉంది.

2023 చివరికి మందులన్నీ అయిపోయాయి. పోర్ట్ ఇంకొన్నాళ్లు ఉంచుదామన్నారు. వాడకపోయినా మూసుకుపోకుండా అప్పుడప్పుడు ఫ్లష్ చేయించాలి, అంటే సెలైన్‌తో గొట్టాన్ని కడిగించాలి. ఐదు నిమిషాల పనికి విశాఖ దాకా రైలెందుకని 2024 జులైలో ఇంటికి దగ్గర్లో ఒక చిన్న క్లినిక్‌కి వెళ్లాను. అక్కడి నర్సు నా దగ్గర చదువుకున్న పిల్ల. "టీచర్, మీరా!" అంటూ కుర్చీ వేసింది. హ్యూబర్ సూది నేనే తీసుకెళ్లాను. ఆ పిల్ల దూదితో ఒక్కసారి స్పిరిట్ రాసింది. తడి ఆరడానికి నోటితో ఉఫ్ అని ఊదింది. మాస్క్ గడ్డం కింద ఉంది. 28 సార్లు పెద్దాసుపత్రిలో చూసినదాన్ని, అది తప్పని నాకు తెలుసు. క్లోర్‌హెక్సిడిన్ రుద్ది, కనీసం ముప్పై సెకన్లు దానంతటదే ఆరనివ్వాలి. కానీ నోరు రాలేదు. క్లాసులో ఎంతమందిని ఎన్ని అన్నానో, ఆ రోజు మొహమాటపడ్డాను.

రెండు నెలలు ఏమీ లేదు. ఎరుపు లేదు, నొప్పి లేదు, జ్వరం లేదు. సెప్టెంబరులో విశాఖలోనే ఫ్లష్ చేయించుకుని రైలెక్కాం. కొత్తవలస దాటేసరికి వణుకు మొదలైంది. పళ్లు టకటకలాడుతున్నాయి, మా ఆయన తువ్వాలు, పక్కావిడ శాలువా కప్పినా ఆగలేదు. విజయనగరంలో దిగి టాక్సీలో వెనక్కి వెళ్లాం. జ్వరం 102.

ఫ్లష్ చేసిన గంటా గంటన్నరలో వణుకు వస్తే పోర్టునే అనుమానించాలట. గొట్టం లోపల పాకుడులా పట్టిన సూక్ష్మజీవుల్ని ఆ సెలైన్ రక్తంలోకి తోసేస్తుంది. పోర్టు నుంచి, చేతి నుంచి ఒకేసారి రక్తం తీసి కల్చర్ పెట్టారు. రెండింట్లో ఒకే బ్యాక్టీరియా పెరిగి, పోర్టు రక్తంలో రెండు గంటలో ఇంకా ఎక్కువో ముందు బయటపడితే దోషి పోర్టే. నాకు మూడు గంటలకు పైనే తేడా వచ్చింది. చర్మం మీద మామూలుగా ఉండే రకం స్టెఫైలోకాకస్. కీమో మధ్యలో అయ్యుంటే గొట్టంలో యాంటీబయాటిక్ నింపి ఉంచి, పోర్టును కాపాడే ప్రయత్నం చేసేవారట. స్టెఫైలోకాకస్ ఆరియస్ అనే ఇంకా ప్రమాదకరమైన రకం గానీ ఫంగస్ గానీ అయితే మాత్రం తీసేయడమే. నాకు మందులెలాగూ అయిపోయాయి కాబట్టి తీసేశారు. వాంకోమైసిన్ అనే యాంటీబయాటిక్ ఎక్కించారు.

జులైలోనే అంటుకుందని నేను రుజువు చేయలేను. నోట్‌బుక్‌లో మాత్రం 34 తేదీల్లో ఆ ఒక్కదాని పక్కనే "ఊదింది" అని రాసి ఉంది.

ఈమధ్య బీ12 ఇంజక్షన్‌కి మళ్లీ ఆ క్లినిక్‌కే వెళ్లాను. ఆ పిల్ల స్పిరిట్ రాసి, అలవాటుగా వంగబోయింది. "ఊదకు. ముప్పై దాకా లెక్కపెట్టు" అన్నాను. సిరంజి పట్టుకుని నిలబడి, ఆరో తరగతిలో లాగే, పైకి లెక్కపెట్టింది.