లైనక్స్ మింట్ మీద క్యూబిట్‌టొరెంట్: మూడేళ్ల వాడకం తర్వాత

క్యూబిట్‌టొరెంట్ అంటే టొరెంట్లు దించుకునే ఉచిత ప్రోగ్రాం. దాన్ని ఇన్‌స్టాల్ చెయ్యడానికి రెండు నిమిషాలు చాలు. దాన్ని మన ఊరి లైనుకీ, మన ఊరి కరెంటుకీ అలవాటు చెయ్యడానికే టైము పడుతుంది. అందుకే ఇక్కడ ఎక్కువ మాటలు ఆ రెండో పని గురించే.

వాడింది విజయనగరంలో ఒక మామూలు ఇంటి డెస్క్‌టాప్. నాలుగో తరం ఐ3, మొదట్లో 4 జీబీ ర్యామ్, తర్వాత 8. మింట్ 21తో మొదలై ఇప్పుడు 22. సిస్టమ్ ఎస్ఎస్‌డీ మీద, డౌన్‌లోడ్లు 1 టీబీ హార్డ్ డిస్క్ మీద. నెట్టు లోకల్ కేబుల్ ఆపరేటర్ ఇచ్చిన ఫైబర్, 100 ఎంబీపీఎస్. దించేవి లైనక్స్ ఐఎస్ఓలు (సిస్టమ్ ఇన్‌స్టాల్ చేసుకునే పెద్ద ఫైళ్లు), ఇంటర్నెట్ ఆర్కైవ్‌లోని పాత తెలుగు పుస్తకాల స్కాన్లు. కొత్త సినిమాల కోసం చదువుతున్నవాళ్లకి ఒక్క మాట: టొరెంట్‌లో దించుతున్నంతసేపూ మీరు పంచుతూ కూడా ఉంటారు. తెలిసి చేసిన కాపీరైట్ ఉల్లంఘనకి 1957 చట్టం 63వ సెక్షన్ కింద 6 నెలల నుంచి 3 ఏళ్ల దాకా జైలు ఉంది.

టెర్మినల్ తెరిచి సుడో ఆప్ట్ అప్‌డేట్, అది అయ్యాక సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ క్యూబిట్‌టొరెంట్. అన్నీ చిన్న ఇంగ్లిష్ అక్షరాలే. మింట్ 22లో ఇలా వచ్చేది 4.6.3. ఐదో సిరీస్ కావాలంటే క్యూబిట్‌టొరెంట్ టీమే నడిపే స్టేబుల్ పీపీఏ (ఆప్ట్‌కి అదనంగా కలుపుకునే ప్యాకేజీల మూలం) ఉంది, లేదా ఫ్లాట్‌హబ్ అనే యాప్ స్టోర్ నుంచి ఫ్లాట్‌ప్యాక్ (మిగతా సిస్టమ్‌తో కలవకుండా విడిగా నడిచే ప్యాకేజీ). కొత్తదానికి మారడానికి గట్టి కారణం ఒకటుంది. డౌన్‌లోడ్ లింకుల దగ్గర సెక్యూరిటీ సర్టిఫికెట్ సరైనదో కాదో చూడకుండా వదిలేసే లోపం 2010 నుంచీ ఉండిపోయి, 2024 అక్టోబర్‌లో వచ్చిన 5.0.1లో సర్దారు. ఆర్ఎస్ఎస్ (కొత్త టొరెంట్లు వస్తే తెలిపే ఫీడ్లు), సెర్చ్ ప్లగిన్లు వాడేవాళ్లు దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు. ఫ్లాట్‌ప్యాక్ అయితే దానికి అనుమతి ఇచ్చిన ఫోల్డర్లే కనిపిస్తాయి. వేరే డిస్క్‌లో సేవ్ చెయ్యబోతే పర్మిషన్ డినైడ్ అంటే కంగారు పడక్కర్లేదు, ఫ్లాట్‌సీల్ అనే చిన్న ప్రోగ్రాంలో ఆ ఫోల్డర్‌ని కలిపితే సరి.

మింట్‌తో పాటే ట్రాన్స్‌మిషన్ అనే టొరెంట్ ప్రోగ్రాం వస్తుంది కదా, మళ్లీ ఇదేటి అంటారా? నెలకో ఐఎస్ఓ దించేవాళ్లకి ట్రాన్స్‌మిషనే చాలు, నిజంగా. వంద టొరెంట్లు పెట్టుకుని, ఒక్కో ఫైలుకీ ప్రాధాన్యం మార్చుకుంటూ, ఏ నెట్‌వర్క్ మీద నడవాలో కట్టేసి, నెలల తరబడి సీడ్ చేసేవాళ్లకి (దిగిపోయిన ఫైళ్లని ఇతరులకి పంచుతూ ఉండేవాళ్లకి) క్యూబిట్‌టొరెంట్.

ఇక అసలు తలనొప్పి. కింద స్టేటస్ బార్‌లో ఆకుపచ్చ గుర్తుకి బదులు మంట గుర్తు కనిపిస్తే బయటివాళ్లెవరూ నేరుగా మీ దాకా రాలేకపోతున్నారని అర్థం. ముందు ఆప్షన్స్‌లో కనెక్షన్ కింద పోర్టుని (బయటి కనెక్షన్లు వచ్చే గుమ్మాన్ని) ఒక స్థిరమైన నంబరుకి, ఉదాహరణకి 51413కి, మార్చండి. యూఎఫ్‌డబ్ల్యూ ఫైర్‌వాల్ ఆన్ చేసి ఉంటే సుడో యూఎఫ్‌డబ్ల్యూ అలౌ 51413 కొడితే టీసీపీ, యూడీపీ రెండూ తెరుచుకుంటాయి. రౌటర్‌లో యూపీఎన్‌పీ (ప్రోగ్రాం అడిగితే రౌటరే ఆ పోర్టుని తెరిచే సదుపాయం) ఆన్ చెయ్యండి. అప్పటికీ మంట ఆరలేదా? రౌటర్ పేజీలో వ్యాన్ ఐపీ, అంటే బయటి నెట్టు వైపు రౌటర్‌కి ఉన్న చిరునామా, చూడండి. చుక్కల మధ్య మొదటి సంఖ్య 100 అయి, రెండోది 64 నుంచి 127 మధ్య ఉంటే మీరు సీజీ-న్యాట్ వెనకాల ఉన్నట్టే. అంటే ఆపరేటర్ ఒకే పబ్లిక్ ఐపీని చాలా ఇళ్లకి పంచేశాడు. ఇంట్లో ఎన్ని పోర్టులు తెరిచినా వీధి గుమ్మం మీ చేతిలో లేదు.

అలాగని డౌన్‌లోడ్ ఆగిపోదు, ఎందుకంటే బయటికి వెళ్లే కనెక్షన్లకి అడ్డు లేదు. ఉబుంటు 24.04 ఐఎస్ఓ, దాదాపు 6 జీబీ, పది నిమిషాలకి కాస్త అటూ ఇటూగా దిగిపోతుంది. ఇబ్బందల్లా అరుదైన టొరెంట్లతోనే. ఉన్న ఒక్క సీడరూ సీజీ-న్యాట్ వెనకాలే ఉంటే ఇద్దరూ చెరో గోడ వెనక నిలబడ్డట్టే, చాలాసార్లు 0 శాతం దగ్గరే కూర్చుంటుంది. దారులు రెండు: ఆపరేటర్‌ని స్టాటిక్ ఐపీ, అంటే మీకు మాత్రమే ఉండే మారని పబ్లిక్ ఐపీ, అడగడం (నెలవారీ డబ్బు కట్టాలి), లేదా ఐపీవీ6 (ఇలా పంచుకోనక్కర్లేని కొత్త రకం చిరునామా) వస్తోందేమో చూసి రౌటర్‌లో దాని ఫైర్‌వాల్‌ని ఆ పోర్టుకి తెరవడం. రెండోది ఉచితం, వస్తే మాత్రం.

వేగం దగ్గర అందరూ పొరబడే లెక్క: ఆపరేటర్ చెప్పేది బిట్లు, క్యూబిట్‌టొరెంట్ చూపించేది బైట్లు. 100 ఎంబీపీఎస్ అంటే సెకనుకి 12.5 మెగాబైట్లే. 11 కనిపిస్తే లైను బాగున్నట్టు, ఫోన్ చేసి గొడవ పడక్కర్లేదు. అప్‌లోడ్‌కి మాత్రం కళ్లెం వెయ్యాలి. అది నిండిపోతే డౌన్‌లోడ్ కోసం పంపాల్సిన చిన్న చిన్న రసీదు ప్యాకెట్లు కూడా క్యూలో ఇరుక్కుని, పక్క గదిలో వాట్సాప్ వీడియో కాల్ ముక్కలవుతుంది. అప్‌లోడ్ 20 ఎంబీపీఎస్ అయితే సెకనుకి 2,000 కేబీ దగ్గర ఆపండి, అంటే 80 శాతం. బేగి దిగాలని కనెక్షన్లు పెంచడం కూడా తప్పే. మొత్తం 500, టొరెంట్‌కి 100 అని డిఫాల్టుగా ఉంటుంది. ఆపరేటర్ ఇచ్చే చవక రౌటర్ అన్ని కనెక్షన్లని గుర్తుపెట్టుకోలేక హ్యాంగ్ అవుతుంది. 200, 50కి తగ్గించాక రౌటర్‌ని రీస్టార్ట్ చేసే పని తప్పింది, వేగం తగ్గలేదు.

4 జీబీ ర్యామ్ ఉన్నవాళ్లు ఇది తప్పక చెయ్యాలి. క్యూబిట్‌టొరెంట్ లోపలి ఇంజిన్ లిబ్‌టొరెంట్ 2.0 ఫైళ్లని మెమరీలోకి మ్యాప్ చేసి రాస్తుంది. హార్డ్ డిస్క్ మెల్లగా ఉంటే రాయాల్సిన డేటా ర్యామ్‌లో పేరుకుపోయి మౌసు కూడా కదలదు. అడ్వాన్స్‌డ్‌లో డిస్క్ ఐఓ టైప్‌ని పాజిక్స్ కంప్లయంట్‌కి మార్చి, ప్రోగ్రాం మూసి తెరవండి. ఈ ఒక్క సెట్టింగుతో 4 జీబీ మెషిన్ మళ్లీ మనిషిలా నడిచింది. ర్యామ్ కొనే ముందు దీన్ని చూసి ఉంటే బాగుండేది.

కరెంటు సంగతి. గాలీ వానా మొదలయ్యే అక్టోబరు, నవంబరుల్లో విజయనగరమైనా పలాసైనా ఒకటే కథ. టొరెంట్ ఎంతవరకు దిగిందన్న లెక్కని క్యూబిట్‌టొరెంట్ డిఫాల్టుగా 60 నిమిషాలకోసారి రాస్తుంది. మధ్యలో కరెంటు పోతే ఆ గంట లెక్క పోతుంది. అడ్వాన్స్‌డ్‌లోనే సేవ్ రెజ్యూమ్ డేటా ఇంటర్వల్ 5కి మార్చండి. కరెంటు వచ్చాక అనుమానమున్న టొరెంట్ మీద రైట్ క్లిక్ చేసి ఫోర్స్ రీచెక్. ప్రతి ముక్కనీ దాని హ్యాష్‌తో (వేలిముద్ర లాంటి కోడ్‌తో) పోల్చి, చెడిన ముక్కల్నే మళ్లీ దించుకుంటుంది, మొత్తం పోదు. హార్డ్ డిస్క్ సెకనుకి 100 ఎంబీ చదివితే 6 జీబీకి నిమిషం, 200 జీబీకి అరగంట పైన. అన్నిటికీ ఒకేసారి పెట్టకండి.

విండోస్‌తో డ్యూయల్ బూట్ ఉన్న డిస్క్‌లో సేవ్ చేస్తే ఒకరోజు హఠాత్తుగా అన్నీ ఎర్రర్ అని ఎర్రగా మారతాయి. కారణం విండోస్ ఫాస్ట్ స్టార్టప్: అది షట్‌డౌన్ అయినట్టు నటించి ఎన్‌టీఎఫ్ఎస్‌ని (విండోస్ డిస్క్ ఫార్మాట్‌ని) సగం మూసి వదిలేస్తుంది, లైనక్స్ జాగ్రత్త కోసం దాన్ని చదవడానికి మాత్రమే తెరుస్తుంది. విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ ఆపి, పూర్తిగా షట్‌డౌన్ చేసి రండి. పెన్‌డ్రైవ్ ఫ్యాట్32 అయితే 4 జీబీ దాటిన ఫైలు అందులో పట్టదు. ఎక్స్‌ఫ్యాట్ చేసుకోండి.

తెలుగు పేర్లున్న ఫైళ్ల దగ్గర ఇంకో చిక్కుంది. లైనక్స్ మామూలుగా వాడే డిస్క్ ఫార్మాట్ ఎక్స్‌టీ4లో ఫైలు పేరుకి హద్దు 255 బైట్లు. ఇంగ్లిష్ అక్షరానికి ఒక బైటు. తెలుగులో అక్షరం, గుణింతం గుర్తు, వత్తు కోసం వేసే పొల్లు, సున్నా దేనికదే 3 బైట్లు. "శ్రీ" ఒక్కటే 12, "శ్రీకాకుళం" 30. అలా పుస్తకం పేరు, రచయిత, సంపుటం, ప్రచురణ సంవత్సరం అన్నీ కలిపి రాస్తే పది పన్నెండు పదాలకే హద్దు దాటుతుంది. విండోస్‌లో బైట్లు కాదు, అక్షర గుర్తుల లెక్క, అక్కడ 255 గుర్తులు పడతాయి. అందుకే అక్కడ చక్కగా ఉన్న ఫైలుని ఇక్కడికి కాపీ చెయ్యబోతే ఫైల్ నేమ్ టూ లాంగ్ అంటుంది. క్యూబిట్‌టొరెంట్ ఆపదు, పేరుని తోక దగ్గర కత్తిరించేస్తుంది, పీడీఎఫ్ అన్న ముక్క మాత్రం ఉంచుతుంది. ఆ తోకలోనే కదా సంపుటం నంబరు ఉండేది! మూడు సంపుటాలు ఒకే మొహంతో కనిపిస్తాయి. టొరెంట్ కలిపాక కంటెంట్ ట్యాబ్‌లో ఫైలు పేరు చిన్నది చేసుకోండి. పేరు మార్చినా సీడింగ్‌కి ఇబ్బంది లేదు. పేర్ల చోట డబ్బాలు కనిపిస్తే ఫాంట్ లేదన్నమాట, ఆప్ట్‌లో ఫాంట్స్-టెలు ప్యాకేజీ వేస్తే తెలుగు వస్తుంది.

డెస్క్‌టాప్ తెర లేకుండా నడపాలంటే క్యూబిట్‌టొరెంట్-నాక్స్ ఉంది, బ్రౌజర్‌లో 8080 పోర్టు మీద తెరుచుకుంటుంది. 4.6.1 నుంచి పాత అడ్మిన్‌అడ్మిన్ పాస్‌వర్డ్ పనిచెయ్యదు. మొదటిసారి నడిపినప్పుడు టెర్మినల్‌లో తాత్కాలిక పాస్‌వర్డ్ చూపిస్తుంది. దాన్ని రాసుకుని, లోపలికి వెళ్లగానే మార్చుకోవాలి.

సిస్టమ్ మళ్లీ ఇన్‌స్టాల్ చేసే ముందు హోమ్ ఫోల్డర్‌లో కంట్రోల్-హెచ్ నొక్కి, డాట్ లోకల్, షేర్ లోపలి క్యూబిట్‌టొరెంట్ ఫోల్డర్‌నీ, డాట్ కాన్ఫిగ్‌లో అదే పేరుతో ఉన్నదాన్నీ వేరే డిస్క్‌కి కాపీ చేసుకోండి. టొరెంట్ల జాబితా మొత్తం ఆ రెండిటిలోనే ఉంటుంది. కొత్త సిస్టమ్‌లో యూజర్ పేరు, డిస్క్ పేరు పాతవే పెట్టండి. అవి మారితే దారి మారి, జాబితా నిండా మిస్సింగ్ ఫైల్స్ అని వస్తుంది. అప్పుడు ఒక్కో టొరెంట్‌కీ సెట్ లొకేషన్ కొట్టుకుంటూ కూర్చోవాలి.